నాకా అరుగు మీది గొంతు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే బాట మీద, ఇండ్లు ఒడిసినంక, ఒక పాడుబడ్డ నాకా ఉండేది. సరుకుల మీద సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకా. సర్కారు దాన్ని ఎత్తేసి చాలా ఏండ్లయింది. తలుపులు ఎవరో ఊడబీక్కుపోయారు. పెంకులు సగం జారిపోయాయి. మిగిలినవి రెండు అర్రలు, ముందర ఒక రాతి అరుగు... ఆ అరుగు మీద ఒక గొంతు.

పొద్దుగూకినంక నెత్తిన మూటతో ఆ బాటన పోయేవాళ్లను ఆ గొంతు ఆపుతుందని చెప్పుకునేవారు.

“ఎవ్వరిది మూట? యాడికి?”

అంతే అడుగుతుంది. జవాబు చెప్పకపోతే మూట బరువెక్కుతుంది — మెడ విరిగేదాకా. అబద్ధం చెప్తే వెంబడి ఇంటికి వస్తుంది. నిజం చెప్పినవాణ్ని మాత్రం “పో” అని విడిచిపెడుతుంది.

గొంతు మైసన్నది. మైసన్న దొర వెట్టిమనిషి. వెట్టి అంటే కూలి లేని చాకిరీ. రానని అనే హక్కు కూడా లేని చాకిరీ. నడి ఎండాకాలంలో దొర నెయ్యి కుండల గంప నెత్తిన పెట్టుకుని నాకా కాడికి వచ్చాడట. సుంకం చీటీ వెనక దొర బండిలో వస్తున్నది. చీటీ చూడనిది గంప దించొద్దన్నాడు జవాను. బండి ఏ నీడన ఆగిందో... పొద్దు వంగేదాకా మైసన్న అట్లే నిలబడ్డాడు. బండి వచ్చింది. చీటీ వచ్చింది. గంపను పైలంగా దించుకున్నారు. ఒక్క చుక్క నెయ్యి ఒలకలేదు.

ఆ తర్వాత మైసన్న పడిపోయాడు.

చచ్చిన మైసన్నకు జనం భయపడ్డారు. నిలబెట్టిన జవానుకు, నీడన ఆగిన దొరకు మాత్రం దండాలు పెడుతూనే ఉన్నారు. మన దగ్గర దయ్యాల లెక్క ఎప్పుడూ ఇంతే.

అట్లాంటి నాకాను రాజేశం ఆఫీసు చేసుకున్నాడంటే కామారెడ్డి గంజ్ బజారంతా నవ్వింది.

జర్మనీ లడాయి మొదలైన ఏడు. రాజేశం పట్నంలో అచ్చయ్యే ఒక తెలుగు వారపత్రికకు విలేఖరి. అంతకుముందు అతని జాగ గంజ్‌లోనే, ఒక బెల్లం సేటు దుకాణంలో, గద్దె పక్కన వేసిన పీట. పత్రికాయన మా దుకాణంలో కూచుంటడని సేటు వచ్చినవాళ్లందరికీ చూపించుకునేవాడు. చాయ్ తెప్పించేవాడు. దిండు వేయించేవాడు.

ఆ దిండుకు ఒరిగి రాజేశం ఏం రాశాడు? వానలు పడ్డాయని రాశాడు. తాలూక్‌దారు సాహెబు దౌరా మీద వచ్చి సంతోషంగా తిరిగి పోయారని రాశాడు. బెల్లం ధర నిలకడగా ఉందని రాశాడు. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఆ గద్దె ముందు నిలబడి ఎవరేం చెప్పగలరు? చేతులు కట్టుకున్న మనిషి నోట చేతులు కట్టుకున్న ఖబరే వస్తుంది. వినీ వినీ రాజేశం రాత కూడా చేతులు కట్టుకున్నది.

ఒకనాడు ఎల్లారెడ్డి దిక్కు పల్లె నుంచి ఈరవ్వ అనే మనిషి బెల్లానికి వచ్చింది. రాసే మనిషి కనబడితే నిలబడింది.

“అయ్యా, కాయితాల మనిషివి గదా... మా చిన్నదాన్ని దొర గడిల పనికని తీసుకపోయిండ్రు. పండుగకు సుత పంపలే—”

సేటు గొంతు సవరించుకున్నాడు. అంతే. తిట్టలేదు, చూడలేదు.

ఈరవ్వ కండ్లు దించింది. “బెల్లం ఏం ధరుంది సేటూ?” అన్నది.

ఆ సాయంత్రమే రాజేశం తన సిరా దవాతు, కలం సంచిలో వేసుకుని దుకాణం దిగాడు. అద్దె లేకుండా, అడిగేవాడు లేకుండా దొరికిన జాగ ఒక్కటే — నాకా.

“మంచి జాగ పట్టినవ్ తమ్మీ,” అన్నాడు సిద్ధిరాములు. కామారెడ్డికి, ఎల్లారెడ్డికి మధ్య బండి తోలుతాడు. రాజేశానికి చిన్ననాటి దోస్తు. “ఇగ మీ పత్రిక ఎవ్వలు చదువుతరు? పిశాచాలా?”

“ఖబరు మనిషిని చూసి రాదన్నా. జాగను చూసి వస్తది.”

“అయితే నీకాడికి వచ్చేటి ఖబరుకు కాళ్లు ఎనుకకు తిరిగి ఉంటయి. చూసుకో.”

సిద్ధిరాములు మాటే నిజమైంది. రోజులు గడిచాయి గానీ నాకాకు పిట్ట రాలేదు. పగటిపూట పోయేవాళ్లు కూడా బాటకు ఆ అంచున నడిచేవారు, ఎదమీద తూతూమని ఊంచుకుని. రాజేశం రాతి అరుగు మీద కూర్చుని తెల్ల కాయితం చూసుకుంటూ ఉండేవాడు. సేటు గద్దె పక్కన తానొక పెద్దమనిషి. ఇక్కడ తానేమిటి?

ఒకనాడు రాయడానికేమీ లేక, లేవబుద్ధి కాక, అట్లే కూర్చున్నాడు. పొద్దు మునిగింది. లాంతరు వెలిగించలేదు. బాట మీద అడుగుల చప్పుడు... బరువు మోసే కాళ్ల చప్పుడు అది. తెలుస్తుంది.

“ఎవరది?” అన్నాడు రాజేశం.

అడుగులు ఆగాయి. చీకట్లో ఊపిరి ఒక్కటే వినిపించింది.

“తాతా... మైసన్న తాతా... నీ బాంచెన్. మూట దొరది. టేషన్‌కు పోతున్న. నా పేరు సాయన్న. అబద్ధం చెప్ప. జొన్న పాతరలు నింపి పెట్టిండ్రు, ఊళ్లె గంజికి లేదు. మొన్న అడిగినోని ఈపు మీద... తాతా, నన్ను ఇడువు. ఇంటికాడ చిన్నపోరలున్నరు.”

ఒక్క మాట అంటే సరిపోయేది. నేను మైసన్నను కాను, రాజేశాన్ని అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. అక్కడే ఆగింది.

ఎందుకంటే, సేటు గద్దె పక్కన ఇన్నేండ్లు కూర్చున్నా వినబడని మాట అది.

“పో,” అన్నాడు రాజేశం.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆ వారం పాతరల సంగతి పత్రికలో పడింది. గంజ్‌లో ఒకడు చదువుతుంటే పదిమంది విన్నారు. పేర్లు లేవు. మాటలు మాత్రం కొరడా దెబ్బల్లా ఉన్నాయి. ‘మీ రాతకు ఇప్పుడు ఎముక వచ్చింది’ అని పట్నం నుంచి సంపాదకుడు కబురు పెట్టాడు.

ఇక రాజేశం లాంతరు ముట్టించలేదు.

పొద్దుండగానే సంచి భుజాన వేసుకుని, గంజ్ చూస్తుండగా ఇంటికి పోయేవాడు. చీకటి పడ్డాక చేన్ల వెంబడి తిరిగి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. వెట్టివాళ్లు ఎండ తప్పించుకుని రాత్రిపూటే మూటలు మోస్తారు. పల్లెల నుంచి వచ్చే ఆ జనానికి రాజేశం అనేవాడొకడు అక్కడ కూర్చుంటాడనే ఎరుక లేదు. వాళ్లు ఎరిగినవాడు మైసన్న. మైసన్న తమవాడు. మోసి చచ్చినవాడు. అన్నిటికంటే మించి, చచ్చినవాడు. చచ్చినోళ్లు ఎవరికి చెప్తారు?

భూదవ్వ అనే ముసలిది వచ్చింది. భూమి ఎట్ల పోయిందో చెప్పింది. ఈరవ్వ వచ్చింది. సేటు ముందర మింగేసిన మాట మైసన్న ముందర కక్కింది — బిడ్డ గడిలో ఏమైందో. రాజేశం పండ్లు బిగించి విన్నాడు. “పో,” అన్నాడు. ఇంటికి పోయి కాయితం ముందర పెట్టుకుంటే ఒక్క అక్షరం రాలేదు. మళ్లీ నాకాకు వచ్చి, తెల్లవారే వెలుతురులో, అరుగు మీదనే రాశాడు.

“నీ గొంతు ఏందిరా గిట్లయింది?” అన్నది తల్లి ఎంకవ్వ. “బువ్వకు పిలిస్తే గుహల నుంచి పలికినట్టు పలుకుతవ్.”

“జలుబు అవ్వా.”

“జలుబు ముక్కుల ఉంటది. నీది కండ్లల్ల ఉన్నది.”

నిజమే. పగలు గంజ్‌లో నడుస్తుంటే అతనికి తాను అక్కడ లేనట్టే ఉండేది. ఎవరన్నా “రాజేశం” అని పిలిస్తే ఒక నిమిషం పట్టేది పలకడానికి. న్యాయం కోసమే గదా ఈ వేషం అనుకునేవాడు. న్యాయం కోసమే. కానీ భయపెట్టి విన్న నిజం ఎవరి సొత్తు? ఆ ప్రశ్న అరుగు మీద ఎన్నడూ తట్టలేదు. ఆ అరుగు అట్లాంటి ప్రశ్నలు అడగనిచ్చే జాగ కాదు.

ముత్తవ్వ వచ్చిన రాత్రి మబ్బు పట్టి ఉంది.

రాజేశం అడగకముందే ఆమె ఆగింది. మూటతోనే అరుగు దగ్గరికి... ఇంకా దగ్గరికి వచ్చింది. ఎవరూ అంత దగ్గరికి రారు. రాజేశం గోడకు నక్కాడు.

“మైసన్న తాతా, నేను ముత్తవ్వను. మూట దొరది, టేషన్‌కు. నువ్వు అడగనిది ఒకటి చెప్త. వింటవా?”

ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది.

“నా మొగడు ఏసయ్య. రైలెక్కి మన్మాడ్ దిక్కు పారిపోయిండని ఊళ్లె చెప్పిండ్రు. పోలేదు తాతా. ఐతారం ప్రార్థనకు పోయి వెట్టికి రాలేదని గడిల కట్టేసిండ్రు. తెల్లారేసరికి పానం లేదు. వడ్ల కల్లం ఎనుక, చింతల వరుసకు అవతల, ఎడ్లు తొక్కని మూలకు బొందపెట్టిండ్రు. చీకట్ల చాటుకుండి చూసిన. నేనొక్కదాన్నే చూసిన. గడ్డి కోసే వంకన పోయి... ఆడ జరసేపు కూసుంట. అంతే. ఎవ్వరికి చెప్పలే. మా పాస్టరయ్యకు సుత చెప్పలే.”

గాలి ఆగిపోయినట్టుంది.

“నువ్వు చచ్చినోనివి గదా తాతా. వాడు నీకు అగుపడ్డడా? అగుపడితే... ముత్తవ్వకు జాగ ఎరికేనని చెప్పు.”

“చెప్త,” అన్నాడు రాజేశం.

ఆ అరుగు మీద గొంతు “పో” కాక ఇంకో మాట అనడం అదే మొదలు.

రాజేశం రాశాడు. ముత్తవ్వ పేరు రాయలేదు. పేరు దాచడం తన ధర్మం అనుకున్నాడు, దాచాడు. కానీ జాగ రాశాడు — కల్లం వెనక, చింతల వరుసకు అవతల. జాగ రాయకపోతే ఎవరు నమ్ముతారు? ఆ జాగ ఎరిగిన బతికున్న మనిషి, పాతిపెట్టినవాళ్లు కాక, ఒక్కతే ఉందని అతనికి తట్టలేదు.

పత్రిక వచ్చింది. ఎవరో పైఅధికారి చదివాడు. పోలీసు అమీను సాబు జవాన్లను వెంటబెట్టుకుని పల్లెకు పోయాడు. పారలు పెట్టి తవ్వించాడు. మట్టి మెత్తగా లేచింది, అప్పటికే ఒకసారి తవ్విన మట్టి గనక. లోపల ఏమీ లేదు. పత్రిక అమీను కంటే ముందు దొర చేతికి చేరింది మరి. అమీను దొరగారింట్లో భోజనం చేసి పోయాడు.

ముత్తవ్వకు కూర్చునే జాగ కూడా లేకుండా పోయింది.

ఆ వారం చివర సిద్ధిరాములు బండి ఆపి, దిగకుండానే చెప్పాడు. ఎప్పటిలా నవ్వలేదు.

“తమ్మీ... ఆ ఏసయ్య పెండ్లాం లేదూ, ముత్తవ్వ. గడికి పిలిపిచ్చి అడిగిండ్రట. బాయిల పడి సచ్చిందట.”

“ఎప్పుడు?”

“ఏమో. దొర గుమాస్తా నర్సింహులు గంజ్ల చెప్పుకుంట తిరుగుతున్నడు.”

ఎవరు చూశారు? శవం ఎక్కడ? ఎవరు మట్టి చేశారు? రాజేశం అడగలేదు. అడగడమే అతని వృత్తి. సేటు గద్దె పక్కన ఉన్న రోజుల్లో వాన పడిందంటే కూడా ఎక్కడ, ఎంత అని అడిగేవాడు. నాకా అతని చేత ఆ పని మాన్పించింది. చీకట్లో కూర్చుంటే నిజం తనంతట తానే వచ్చి మోకాళ్ల మీద పడుతుందని నేర్పింది. వచ్చిందల్లా నిజమేనని కూడా నేర్పింది.

ఆ రాత్రి ఎంకవ్వ గడపకు అడ్డం కూర్చుంది.

“పోకు బిడ్డా. యాడికో, ఎందుకో అడుగ. పోకు.”

“రాయాలె అవ్వా. తెల్లారి రైలుకు పడాలె. ఒక మనిషి చచ్చిపోయింది.”

“ఇంట్ల కూసోని రాయి. దీపం నేను పడత.”

“ఇంట్ల వస్తలేదవ్వా.” తల్లిని దాటుకుని పోయాడు.

నాకా ఎప్పటిలాగే ఉంది. అరుగు పగటి ఎండకు ఇంకా వెచ్చగా ఉంది. రాజేశం కూర్చున్నాడు. బాట మీద ఎవరూ లేరు. కీచురాళ్లు కూస్తున్నాయి... కూస్తూ కూస్తూ ఒక్కసారిగా ఆగాయి.

బాట మీద అడుగుల చప్పుడు.

బరువు మోసే కాళ్లు. నడిచి... ఆగి... నడిచి... అరుగు దగ్గరికి, ఎవరూ రానంత దగ్గరికి వచ్చి నిలిచాయి.

ఆ రాత్రి రాజేశం అడగలేదు.

“మైసన్న తాతా.”

ఆ గొంతు అతను ఎరిగిందే.

“తాతా, నేను ముత్తవ్వను.”

చీకట్లో ఆకారం కూడా కనబడుతోంది. నెత్తిన మూట... మెడ నిటారుగా... కదలకుండా.

“పలుకవేంది తాతా? నీకు తప్ప ఎవ్వరికి చెప్పలే గదా నేను. నువ్వు ఎవ్వలకు చెప్పినవ్?”

“ముత్తవ్వా...” అన్నాడు రాజేశం. “నీ పేరు రాయలే. ఒట్టు. నీ పేరు యాడా రాయలే.”

బట్ట గుసగుసలాడినట్టు చిన్న చప్పుడు. మళ్లీ ఆ గొంతే, ఈసారి తడబడుతూ, ఒక్కొక్క మాట వెతుక్కున్నట్టు —

“నేనొక్కదాన్నేనా తాతా? ఇంకెవ్వలెవ్వలు... నీకు చెప్పుకున్నరు? చెప్పు. నువ్వు చెప్తే నన్ను ఇడుస్తరు.”

ఎవరు విడుస్తారు? యముడా, ఆమె దేవుడా? రాజేశం అది కూడా అడగలేదు. చచ్చినోళ్లు అడిగితే నిజం చెప్పాలి. నిజం చెప్తే విడిచిపెడతారు. ఇన్నాళ్లు ఆ అరుగు మీద అందరి చేతా చేయించింది అదే గదా. ఆ నియమం అతని ఎముకల్లోకి దిగింది. అయినా చచ్చినదానికి చెప్తే ఏం పోయింది? చచ్చినోళ్లు ఎవరికి చెప్తారు?

“పాతరల సంగతి సాయన్న చెప్పిండు,” అన్నాడు. మాటలు వాటంతట అవే రాలుతున్నాయి. “బిడ్డ సంగతి ఈరవ్వ చెప్పింది. భూమి సంగతి భూదవ్వ... ముసలిది, భూదవ్వ. ఇగ ఎవ్వరు లేరు. తప్పైంది ముత్తవ్వా. బతికున్నప్పుడు నీ కాళ్లు మొక్కకపోతిని. నన్ను ఇడువు.”

“మంచిది,” అన్నది ఇంకొక గొంతు.

మగ గొంతు. నెమ్మదైన గొంతు.

అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. బీడీ అంటుకుంది. ఆ వెలుగులో మొదట కనబడింది గుమాస్తా నర్సింహులు ముఖం. అతని వెనక కర్రలు పట్టిన ఇద్దరు మనుషులు. పక్కన, నెత్తిన బస్తాతో, ముత్తవ్వ. పెదవి పగిలి ఉంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండో కన్ను తెరిచే ఉంది. ఆమె కాళ్లు మట్టిలో నిలిచి ఉన్నాయి, నీడతో సహా.

“కూసో రాజేశం, లేవకు,” అన్నాడు నర్సింహులు. “నిన్నెవ్వరు ముట్టరు. పట్నపు పత్రికోనివి, నిన్ను ముడితే అల్లరైతది. మాకు నీతోని పనిలేదు. మావోళ్లు ఎవ్వలో తెలిస్తే చాలు. తెలిసింది.”

రాజేశం నోరు తెరిచాడు. ఎన్నో రాత్రుల నుంచి దాచిన మాట — నేను రాజేశాన్ని — ఇప్పుడు చెప్పడానికి కూడా పనికిరాకుండా పోయింది.

“గీమె ఒక్కటే మాట మీద ఉన్నది,” అన్నాడు నర్సింహులు, బీడీ పొగ వదులుతూ. “ఎంత కొట్టినా ‘దయ్యానికి తప్ప ఎవ్వలకు చెప్పలే’ అనే. మా దొర నవ్విండు. నేను నవ్వలే. సరే పా, నీ దయ్యాన్నే అడుగుదామన్న. గీమె సచ్చిందని గంజ్ల నేనే చెప్పిన. పాపం, అబద్ధమాడలే.” కర్రల వాళ్ల దిక్కు తిరిగాడు. “సాయన్న ఇంటికి ముందు పోండ్రి. తెల్లారనియ్యకుండ్రి.”

ఇద్దరూ చీకట్లో కలిశారు. పరుగెత్తే అడుగులు ఎల్లారెడ్డి దిక్కు దూరమయ్యాయి.

ముత్తవ్వ కదలలేదు. గుమాస్తాను చూడలేదు. తెరిచి ఉన్న ఆ ఒక్క కంటితో అరుగు మీది మనిషిని చూస్తూ ఉంది — అంగీ, కలం, మోకాళ్ల మీది చేతులు. చాలాసేపు చూసింది. అగ్గిపుల్ల ఎప్పుడో ఆరిపోయింది, బీడీ నిప్పు వెలుగే మిగిలింది.

“దయ్యమనుకున్న అయ్యా,” అన్నది. “మనిషివని ఎరుకైతే చెప్పకపోదును.”